నాయనమ్మ వేలు పడని డబ్బా

మా ఇంట్లో రోజువారీ ఖర్చు డబ్బులు వంటింటి అలమరలో, పోపుల డబ్బా వెనకాల ఒక పాత గాజు సీసాలో ఉండేవి. పాలవాడికి, పూలమ్మాయికి, గ్యాసు బండ తెచ్చిన అబ్బాయికి, గుళ్లో హారతి పళ్లెంలోకి, అన్నీ అందులోంచే. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవడం, నెలాఖరుకి నేను లెక్క చూసుకోవడం. మా అత్తగారు కౌలు డబ్బుల్లోంచి నెలనెలా తన చేతిఖర్చుకని తీసిపెట్టుకునే నోట్లు కూడా అందులోనే ఉండేవి. వాటికి ఒక రబ్బరు బ్యాండు చుట్టి ఉండేది. అంతే తేడా.

ఈ వేసవి సెలవుల్లో మా అబ్బాయి ఆ సీసాకి సెలవిచ్చేశాడు. ఇంజినీరింగు రెండో ఏడు పూర్తయింది, ఎండలకి బయటికి పోలేడు, చేతిలో ఫోను తప్ప పనిలేదు. “అమ్మా, వేలు పెడితే తెరుచుకునే డబ్బా చేస్తాను” అన్నాడు. ఫోను వదిలి ఏదో ఒకటి చేస్తానంటున్నాడు కదా అని సంతోషపడ్డాను. సగం సామాను గవర్నరుపేటలో కొన్నాడు, సగం ఆన్‌లైన్లో తెప్పించాడు. ఆర్డ్యునో ఊనో బోర్డు, ఆర్ 307 అనే వేలిముద్ర సెన్సరు, ఒక రిలే, 12 వోల్టుల సోలినాయిడ్ తాళం, ఒక అడాప్టరు. ఈ పేర్లన్నీ ఇప్పుడు నాకు కంఠతా వచ్చేశాయి. వారం రోజులు భోజనాల బల్ల మీద వైర్ల మధ్య కంచాలు పెట్టుకుని తిన్నాం మరి. మా మామగారి నాటి చిన్న టేకు పెట్టెకి లోపల తాళం బిగించి, మూతకి సెన్సరు అమర్చాడు. వేలు పెట్టగానే టక్‌మని శబ్దం వచ్చి మూత వదులైతే, చిన్నపిల్లలా నేనే నాలుగుసార్లు తీసి వేశాను.

తర్వాత అందరి వేళ్లూ ఎక్కించే కార్యక్రమం. వేలు ఒకసారి పెట్టాలి, తీయాలి, మళ్లీ అదే వేలు పెట్టాలి. రెండుసార్లూ వచ్చిన బొమ్మలని సెన్సరు పోల్చుకుని, కుదిరితే ఆ గీతల గుర్తులని లెక్కల రూపంలో దాచుకుంటుంది. మావారికి పది సెకన్లు పట్టింది. నాకు రెండు ప్రయత్నాలు పట్టాయి, అప్పుడే గిన్నెలు తోమి వచ్చాను మరి. మా అమ్మాయికి ఒక్కసారికే అయిపోయింది.

మా అత్తగారికి ఏడుసార్లు పెట్టినా పడలేదు.

బొటనవేలు పెట్టారు, చూపుడువేలు పెట్టారు. చీర చెంగుకి తుడుచుకున్నారు. నోటితో ఆవిరి ఊది పెట్టారు. ఆ ఊదడం మేమెవరం చెప్పలేదు, ఆవిడకే తెలుసు. “నాయనమ్మా, ఇంకొంచెం గట్టిగా నొక్కు” అన్నాడు వీడు. నొక్కారు. ఎర్ర లైటే వెలిగింది. చివరికి ఆవిడే నవ్వి, “పోనీలేరా నాన్నా, నాకెందుకది, మీ అమ్మ తీసిస్తుందిలే” అని లేచి వెళ్లిపోయారు. మేమూ నవ్వాం. వీడు “తర్వాత చూద్దాంలే నాయనమ్మా” అన్నాడు. ఆ తర్వాత పదిహేను రోజులదాకా రాలేదు.

ఆ వేలు ఎందుకు పడదో నేను తర్వాత వాడి చేత చెప్పించుకున్నాను. సెన్సరులో గాజు కింద ఒక చిన్న దీపం, ఒక కెమెరా ఉంటాయట. వేలి మీద గట్లూ పల్లాలూ ఉంటాయి కదా. గట్టు గాజుకి ఆనిన చోట వెలుగు ఒకలా తిరిగొస్తుంది, ఆనని పల్లం దగ్గర ఇంకోలా. ఆ తేడాయే బొమ్మ. చర్మం పొడిబారినా, గట్లు అరిగిపోయినా, నీళ్లలో నాని ముడతలు పడినా బొమ్మ సరిగా రాదు. వయసు పెరిగేకొద్దీ చర్మంలో తేమా బిగువూ తగ్గుతాయి కాబట్టి పెద్దవాళ్లకి ఇంకా కష్టం. పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి అందరూ తొక్కాక ఎలా ఉంటుందో అలాగన్నమాట. ముగ్గు ఉందని మనకి తెలుస్తుంది, కానీ చుక్కలు లెక్కపెట్టలేం.

మా అత్తగారి ముగ్గుని తొక్కినవి ఏమిటో నాకు తెలుసు. దివిసీమ వైపు పల్లెటూరు వాళ్లది. నడుం వంచి వరి నాట్లు వేశారు. కోతలయ్యాక అదే చేలో వేసిన మినుము పీకారు. మినుము మొక్క చేత్తో పీకితే అరచెయ్యి ఏమవుతుందో పీకినవాళ్లకే తెలుస్తుంది. బూడిదతో అంట్లు తోమారు, పేడతో అలికారు, ప్రతి సంక్రాంతికీ గోడలకి సున్నం వేశారు, ఏడాదికి సరిపడా చింతపండు పిక్క తీశారు. ఆ చేతులతోనే మావారినీ, ఇద్దరు ఆడపడుచులనీ చదివించారు. ఆ చదువు వల్లనే మేం విజయవాడ వచ్చాం. ఆ చదువు వల్లనే మా అబ్బాయి సర్క్యూట్లు కడుతున్నాడు. ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేసిన వేలు ఏదో, దాన్నే ఆ డబ్బా గుర్తుపట్టలేదు.

ఆవిరి ఊదడం ఆవిడ ఎక్కడ నేర్చుకున్నారో కూడా అడిగాను. రేషను షాపులోనట. మన రాష్ట్రంలో చౌకధరల దుకాణాలకి వేలిముద్రల మిషన్లు ముందుగా వచ్చిన జిల్లాల్లో కృష్ణా జిల్లా ఒకటి. అది 2015 సంగతి. దొంగ కార్డులు తగ్గాయన్నారు, బియ్యం పక్కదారి పట్టడం తగ్గిందన్నారు. అందులో నిజం ఉంది, కాదనను. కార్డు మీద వేరేవాళ్లు సరుకు తీసుకుపోయే రోజులు ఎరిగినవాళ్లు ఆ మిషనుని మెచ్చుకోగా నేనే విన్నాను. కానీ క్యూలో నిలబడి వేలు పడక, పక్కకి జరిగి, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ నిలబడిన ముసలివాళ్లూ ఉన్నారు. ఏ వేలు బాగా పడుతుందో పరీక్షించి చెప్పే పద్ధతిని ఆధార్ వాళ్లు పెట్టారు. కంటిపాప పద్ధతి వచ్చింది, ఫోనుకి ఓటీపీ వచ్చింది. తన వేలు అసలే పడనివాళ్లకి వీఆర్వో వచ్చి తన వేలు వేసి ఇప్పించే ఏర్పాటూ మన దగ్గర నడిచింది.

ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మీ బియ్యం మీకు రావాలంటే ఇంకొకరు వచ్చి వేలు వెయ్యాలి. బియ్యం వస్తుంది, ఆకలి తీరుతుంది, ఎవరూ కాదనరు. కానీ ఆ ఇంకొకరు ఎప్పుడు ఖాళీగా ఉంటే అప్పుడు.

మా ఇంట్లో ఆ వీఆర్వోని నేనే అయ్యాను.

డబ్బా వచ్చిన మర్నాటి నుంచి, “అమ్మాయ్, కాస్త ఆ పెట్టె తీసి పెట్టవూ” అని అడగడం మొదలుపెట్టారు అత్తగారు. నేను వంటలో ఉంటే చేతులు తుడుచుకుని వచ్చి తీసేదాన్ని. ఫోనులో ఉంటే వేలు చూపించి ఒక్క నిమిషం అనేదాన్ని. ఆవిడ అలమర పక్కనే నిలబడి ఉండేవారు. తీసేటప్పుడు అలవాటుగా “ఎంత కావాలత్తయ్యా? ఎందుకూ?” అనేదాన్ని. లెక్క రాసుకోవాలి కదా అని మాత్రమే. ఆవిడ చెప్పేవారు. గుళ్లో ఇవ్వడానికి అనో, మజ్జిగ ప్యాకెట్ కోసం అనో.

ఒక మాట ఒప్పుకోవాలి ఇక్కడ. ఆ పదిహేను రోజులూ నాకు కాస్త బాగానే ఉంది. ఆవిడ డబ్బులు ఎక్కడికి పోతున్నాయో మొదటిసారి నాకు తెలిసింది. చిన్న ఆడపడుచు పిల్లాడికి పంపిస్తారని అనుకునేదాన్ని, అది నిజమో కాదో తేలుతుందనిపించింది. ఇలాంటివి పైకి చెప్పుకోం. కానీ ఈ పేజీ చదివేవాళ్లలో అత్తలూ ఉన్నారు, కోడళ్లూ ఉన్నారు. నేను చెప్పకపోయినా మీకు తెలుస్తుంది.

పదహారో రోజు పొద్దున పూలమ్మాయి గుమ్మంలో నిలబడి, “పెద్దమ్మగారు రెండు వారాల పూల డబ్బులు తర్వాతిస్తానన్నారండి, రేపు మా ఊరెళ్తున్నా, ఇప్పిస్తారా” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అత్తగారు పూలకి అప్పు పెట్టడమా? ఇరవై రూపాయలైనా ఏ రోజుది ఆ రోజు ఇచ్చేసే మనిషి. లోపలికెళ్లి అడిగాను, “అదేంటత్తయ్యా, నన్నడగొచ్చు కదా?”

“అడుగుతూనే ఉన్నాను కదమ్మా. రోజుకి ఎన్నిసార్లని అడగను?” అన్నారు. కోపంగా కాదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తలెత్తకుండా.

సాయంత్రం మావారితో చెబితే, “వేలు పడకపోతే నువ్వు తీసిస్తావుగా, ఇందులో ఏముంది?” అన్నారు. ఏముందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో నేను ప్రతి వంద రూపాయలకీ అడిగి తీసుకున్నాను. ఎవరూ ఎప్పుడూ కాదనలేదు. కానీ “ఎందుకూ” అని అడిగేవారు. ఆ ఒక్క మాటకి జవాబు చెప్పలేక కొనుక్కోకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. మనలో చాలామంది పోపుల డబ్బాలో, బియ్యం డబ్బా అడుగున, చీరల మడతల్లో డబ్బులు ఎందుకు దాచుకుంటాం? దొంగల భయానికి కాదు. అడగకుండా తీసుకోవడానికి. ఆ సీసా మా ఇంట్లోకి వచ్చాక నాకు ఆ బాధ తప్పింది. ఆ సీసా పెట్టింది ఎవరనుకున్నారు? మా అత్తగారే. “ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు, ఇంట్లో మనుషులకి లెక్కలేంటి” అని ఆ రోజు ఆవిడే అన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత నా కొడుకు కట్టిన డబ్బా ముందు ఆవిణ్ని నిలబెట్టి, “ఎందుకూ” అని నేను అడిగాను.

ఆ రాత్రి వాడిని కూర్చోబెట్టాను. వాడు వెంటనే ఒక ఉపాయం చెప్పాడు. ఆ సెన్సరులో కచ్చితత్వానికి 1 నుంచి 5 దాకా మెట్లు ఉంటాయి, మామూలుగా 3 మీద ఉంటుంది, 1కి దించితే నాయనమ్మ వేలు పడొచ్చు అన్నాడు. దించితే ఏమవుతుందిరా అంటే, వేరేవాళ్ల వేలిని కూడా మనవాళ్లదే అనుకునే అవకాశం పెరుగుతుంది అన్నాడు. ఇది నాకు జల్లెడ లెక్క. కన్నాలు సన్నగా ఉంటే మంచి పిండి కూడా పైన మిగిలిపోతుంది, పెద్దవైతే తవుడూ దిగిపోతుంది. రెండు తప్పులూ ఒకేసారి తగ్గవు, ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరుగుతుంది. ఈ రకం సెన్సరు కాగితాల్లో 3వ మెట్టు దగ్గర, బయటివాళ్లని రానిచ్చే తప్పు 0.001 శాతం కంటే తక్కువ, సొంతవాళ్లని కాదనే తప్పు 1 శాతం కంటే తక్కువ అని రాసి ఉంటుందట. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. పరాయివాణ్ని రానివ్వడం పెద్ద తప్పు, మనవాళ్లని ఆపడం చిన్న తప్పు అని ముందే అనుకుని చేసిన వస్తువది. బ్యాంకుకి అది సరే. వంటింటి అలమరకి అది తలకిందులు. పైగా ఆ 1 శాతం అందరికీ సమానంగా పంచుకునే ఒకటి కాదు. మా ఇంట్లో నలుగురికి దాదాపు సున్నా, ఒకరికి నూటికి నూరు.

వాడికి నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. “ఎవరు రాకూడదని ఈ తాళం పెట్టావురా?” ఆలోచించాడు. మా పనమ్మాయి పన్నెండేళ్లుగా వస్తోంది, ఏనాడూ రూపాయి తేడా రాలేదు. దొంగే వస్తే పెట్టెని చంకలో పెట్టుకుని పోతాడు. “ఎవర్నీ కాదమ్మా, చేయొచ్చని చేశాను” అన్నాడు. నిజం చెప్పాడు. చేయొచ్చు కాబట్టి చేయడంలో తప్పేం లేదు, పిల్లలు అలాగే నేర్చుకుంటారు. కానీ తాళం అంటూ పెట్టాక అది ఎవరినో ఒకరిని ఆపుతుంది. ఎవరినీ ఉద్దేశించకుండా పెట్టిన తాళం, ఆ ఇంట్లో అందరికంటే మెత్తగా ఉన్నవాళ్లని ఆపుతుంది.

వేలిముద్రతో మనిషిని గుర్తించే విద్యని ఈ కాలపు పద్ధతిగా మలచడంలో మన దేశానికి పెద్ద పాత్ర ఉందని మీకు తెలుసా? 1858లో బెంగాల్లోని జంగీపూర్లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు సామాను సరఫరాకి ఒప్పుకున్న రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తర్వాత మాట మార్చకుండా ఉండాలని. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు. ముద్రలని వర్గాలుగా విడదీసే లెక్క కట్టినవాళ్లలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లున్నారు. పేరు మాత్రం వాళ్ల పైఅధికారి హెన్రీది నిలిచింది. నేను చెప్పొచ్చేదేమంటే, మన దగ్గర ఈ విద్య మొదలైందే ఎదుటివాడి మాట మీద నమ్మకం లేక. కోర్టులకి, పోలీసులకి అది కావాలి. ఇంట్లో అమ్మమ్మకీ మనవడికీ మధ్య ఎందుకు?

మన భాషలో చూడండి, “వేలిముద్ర” అంటే చదువు రానివాళ్లని ఎత్తిపొడిచే మాట. మా అత్తగారు తొంభైల్లో ఊళ్లో రాత్రిబడికి వెళ్లి సంతకం నేర్చుకున్నారు. అప్పట్లో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా నడిచింది, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాని తరిమింది కూడా ఆ చదువుల ఊపులోనే. ఇక నేను వేలిముద్ర కాదు అని ఆవిడ ఎంత గర్వంగా చెప్పుకునేవారో మావారికి గుర్తుంది. తర్వాత పాతికేళ్లకి సంతకం వద్దు, వేలు పెట్టమన్నారు. ఇప్పుడు ఆ వేలు కూడా పనికిరాదంటున్నాం. ఒక మనిషిని ఎన్నిసార్లు పరీక్షలో తప్పిస్తాం?

పిల్లల చేత ఇవి చేయించొద్దని నేననను. నిజానికి అంకెలు గుర్తుండనివాళ్లకి వేలే సుఖం, తాళంచెవులు పారేసుకునే నాలాంటి దానికీ సుఖమే. మీ ఇంట్లో కూడా ఏ అబ్బాయో అమ్మాయో ఇలాంటిది మొదలుపెడితే, చేయనివ్వండి. వెయ్యి రూపాయల పైచిలుకు సెన్సరుతో వాళ్లు నేర్చుకునేది చాలా ఉంది. కానీ ముందుగా కొన్ని మాటలు చెప్పండి.

మొదటిది, ఇంట్లో అందరికంటే పెద్ద చేతితో మొదలుపెట్టమనండి. ముందు నాయనమ్మ వేలు, తర్వాత గిన్నెలు తోమే చెయ్యి, ఆఖరున కుర్రాడి వేలు. మొదటి వేలు పడకపోతే అక్కడే ఆగి వేరే దారి ఆలోచించాలి. చూపుడువేలు పడకపోతే ఎడమచేతి ఉంగరం వేలు పడొచ్చు, దానికి అరుగుదల తక్కువ. కాస్త వాసెలిన్ రాసి తుడిచి పెడితే పొడి వేలు పడొచ్చు. అన్నీ చూడాల్సిందే. మా వాడు ఏడుసార్లతో ఆపేశాడు, తన ఫోను పని చేయకపోతే మాత్రం డెబ్బైసార్లు చూస్తాడు.

రెండోది, రెండో దారి తప్పకుండా ఉండాలి. ఆ దారి ఇంకో మనిషి కాకూడదు. “మీ కోడలు తీసిస్తుంది” అనేది దారి కాదు. తాళంచెవి, నాలుగంకెల బటన్లు, ఆనిస్తే తెరుచుకునే కార్డు, ఏదైనా సరే, ఎవరినీ పిలవకుండా తన చేత్తో తెరుచుకునేదై ఉండాలి.

మూడోది కరెంటు. ఈ సోలినాయిడ్ తాళాలు చాలావరకు కరెంటు పోతే మూసే ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్లో ఉండే మా బంధువులు రోజుల తరబడి కరెంటు లేకుండా మేడ మీద గడిపారు. ఆ సమయంలో బీపీ మాత్రలు ఇలాంటి డబ్బాలో ఉండుంటే? మందుల డబ్బాకి, వీధి తలుపుకి ఇవి అసలు వద్దు.

నాలుగోది, వేలిముద్రలు దాచడం గురించి. ఈ సెన్సరు గుర్తులని తనలోనే దాచుకుంటుంది, కానీ అడిగితే వేలి బొమ్మని కంప్యూటరుకి కూడా పంపగలదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాని పాస్‌వర్డు అన్నీ సున్నాలేనట. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలు పోతే ఎక్కడ మార్చుకుంటాం? 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో భూముల రిజిస్ట్రేషను కాగితాల మీదున్న ముద్రల నుంచి రబ్బరు వేలిముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్ కార్డులు తీసిన కేసు బయటపడింది. కాబట్టి సరదాకి స్నేహితులవి, పనమ్మాయివి, పక్కింటి పిల్లలవి వేళ్లు ఎక్కించొద్దని చెప్పండి. పనమ్మాయిని “ఇక్కడ వేలు పెట్టు” అంటే కాదనగలదా పాపం? 2023లో వచ్చిన సమాచార రక్షణ చట్టం కూడా సొంత ఇంటి వాడకాన్ని పట్టించుకోదు. అంటే ఇంట్లో చట్టం మనమే. పనిలో పనిగా మీ ఆధార్ బయోమెట్రిక్స్‌ని లాక్ చేసుకోండి. రేషనుకో దేనికో వేలు పెట్టాల్సినప్పుడు మళ్లీ తెరుచుకోవచ్చు.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. ఉంగరం వేలు కూడా చూశాడు మా వాడు. పదిసార్లలో మూడుసార్లు పడింది. “ఏడుసార్లు పడలేదన్నమాట” అన్నారు అత్తగారు. కార్డు పెడతానన్నాడు, అది ఎక్కడో పెట్టి మర్చిపోతానన్నారు. చివరికి ఆవిడే అడిగారు, “ఆ పెట్టెకి మీ తాతయ్య చేయించిన తాళం ఉండాలే, పీకేశావా?” పీకలేదు. వైర్ల కింద కన్నం అలాగే ఉంది. తాళంచెవి ఆవిడ బొడ్లో గుత్తికే ఉంది, ఇన్నాళ్లూ. మావాడు సోలినాయిడ్‌ని కాస్త పక్కకి జరిపి, చెవి తిప్పినా తెరుచుకునేలా చేశాడు. అందుకు మూడు రోజులు పట్టింది. ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం అదేనని వాడే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మేం నలుగురం వేలు పెట్టి తీస్తున్నాం, ఆవిడ చెవి తిప్పి తీస్తున్నారు. కరెంటు పోయినప్పుడు మేమే ఆవిడ దగ్గరికి వెళ్తున్నాం. మొన్న నేను వెళ్లి, “అత్తయ్యా, పాలవాడొచ్చాడు, కాస్త పెట్టె తీసి పెట్టరూ” అన్నాను. లేచి వచ్చి తీసిచ్చారు.

ఎంత, ఎందుకు అని అడగలేదు.